ముచికలు

మలక్‌పేటకు మారిన రోజు
సామానంతా దిగింది, తోడొక్కటే రాలేదు.
పాత వాటాలో గిన్నె అడుగున
రెండు చెంచాలు మిగిల్చి, మూతపెట్టి,
జాగ్రత్తగా మరిచిపోయి వచ్చాను.
లీటరు పాలు కాచి, వేలు ముంచి చూసి,
చల్లారిపోతుంటే చూస్తూ కూచున్నాను.
రాత్రి పదైంది. కిరాణా కొట్టు షట్టరు దిగిపోయింది.

పక్క తలుపు తట్టాను.
"పెరుగైతే లేదు. మిరపకాయలున్నయ్" అందావిడ.
నేనడిగింది అర్థం కాలేదేమో అనుకున్నాను.
నాలుగు పచ్చిమిరపకాయల ముచికలు తుంచి
నా అరచేతిలో పెట్టింది:
"పాలల్ల ముంచు. మూత తియ్యకు. పొద్దుగాల చూడు."

పొద్దున ఎనిమిదింటికి
గిన్నె వంచితే తెలుపు కదల్లేదు.
తినేటప్పుడు ఎక్కడో సన్నగా ఘాటు,
ఉందంటే ఉంది.

ఆవిడ పేరు మెహరున్నీసా అని
పెరుగు తోడుకున్నాకే తెలిసింది.

ఆ తర్వాత మా మధ్య గోడ దాటి
రోజూ ఏదో ఒక గిన్నె ఇటో అటో నడుస్తూనే ఉంది.
పప్పు పొంగకుండా నూనె చుక్క నాది.
ఉల్లిపాయలు ఎర్రబడే ముందు చిటికెడు చక్కెర ఆవిడది.
అల్లాన్ని చాకుతో కాదు, చెంచా అంచుతో గీకాలన్నది
ఎవరికి వారే కనిపెట్టుకుని
ఒకరికొకరు నేర్పబోయి నవ్వుకున్నాం.
ఖట్టీ దాల్‌కి బగార్ వేసి
టక్కున మూత పెడుతుంది:
"వాసన బయటికి పోతే ఏం ఫాయిదా?"
పోకపోతే నేనొచ్చేదాన్నా ఆపా, అంటాను.

కూరలో ఉప్పెక్కువైతే
ఆలుగడ్డ వెయ్యమంటుంది లోకం.
వేశాను.
కూర ఉప్పగానే ఉంది,
ఉప్పటి ఆలుగడ్డొకటి అదనం.

చిట్కాలు చెప్పుకోవడం తేలిక.
నోటికి నచ్చే జోడీలు మాత్రం
దాచుకుంటాం, దొంగ బంగారంలా.

జులైలో ఒక రాత్రి
చాదర్‌ఘాట్ వైపు నీళ్ళొచ్చి కరెంటు పోయింది.
మెట్ల మీద ఒక కొవ్వొత్తి, చుట్టూ మేము.
మా ఆయన శేషగిరి,
రోజంతా నీటి బిల్లులు పంచి వచ్చిన మనిషి,
చీకటిని నమ్ముకుని
ఉస్మానియా బిస్కెట్టు మీద ఆవకాయ ఊట రాసుకుంటున్నాడు.
పెళ్ళై పదకొండేళ్ళు.
"ఏంటది?"
"ఏం లేదు."
మీసం మీద ఎర్రగా నూనె మెరిసింది.

ఇక ఒక్కొక్కరూ బయటపడ్డారు.
వాళ్ళ ఫైజాన్ మిర్చీ బజ్జీని
డబుల్ కా మీఠాలో ముంచుతాడట.
మా చిన్మయి ఉప్మాలో సీతాఫలం కలుపుకుని
గింజలు నా కంచంలో వేస్తుందని అందరికీ తెలిసిపోయింది.
ఆపా కాసేపు గొణిగి ఒప్పుకుంది:
షీర్మాల్‌తో గోంగూర, అదీ పుట్టింటికి తెలీకుండా.

అందరూ నావైపు చూశారు.

రంజాన్ నెలలో వాళ్ళు పంపిన ఖుబానీ కా మీఠా
మర్నాటికి గిన్నె అడుక్కి అంటుకుంటే,
కడగడానికి బద్ధకమై
అందులోనే పెరుగన్నం కలుపుకున్నాను.
అప్పట్నుంచి కావాలనే మిగులుస్తున్నాను.
"తౌబా" అంది ఆపా.
కాసేపాగి, "ఇంకేమన్న మిగిలిందా?" అంది.

నిజం చెప్పాలిగా,
ముచికలు ప్రతిసారీ పనిచెయ్యవు.
డిసెంబరులో రెండుసార్లు పాలు పాలలాగే ఉండిపోయాయి.
గిన్నెకి శాలువా చుట్టమంది ఆపా.
చుట్టాను. పెరుగైతే తోడుకుంది,
శాలువాకి పాల వాసన.
శేషగిరి దాన్నే కప్పుకుని ఆఫీసుకెళ్ళాడు,
దారిలో ఒక పిల్లి వెంటపడిందట.

నిన్న పై వాటాలోకి ఎవరో కొత్తగా దిగారు.
రాత్రి పదింటికి తలుపు చప్పుడు,
చేతిలో చల్లారుతున్న పాలగిన్నెతో ఒక కుర్రాడు:
"ఆంటీ, కాస్త తోడుందా?"
ఫ్రిజ్‌లో నిండు గిన్నె ఉంది, గట్టి పెరుగు.
ఒక్క నిమిషం ఉండమని లోపలికొచ్చి
మిరపకాయల బుట్ట వెతుకుతున్నాను.